మూలలు చూసే మనిషి

మా ముత్తాత చింతగుంట్ల వీరరాఘవయ్య గారు గుంటూరు వైపు నల్లరేగడిలో వర్జీనియా పొగాకు వేసిన తొలితరం రైతు. జిల్లా కలెక్టరు ఎదుట కుర్చీలో కూర్చుని మాట్లాడే అర్హత మా ఫిర్కాలో ఆయన ఒక్కరికే ఉండేది. ఆయన కొడుకు, మా తాత రంగారావు గారు, జిల్లా బోర్డులో మెంబరు. పొగాకు ఆరబెట్టే మా బ్యారన్లలో పొగ లేచిందని తెలిశాకే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తమ బ్యారన్లు అంటించేవారు. నాన్నగారి దాకా వచ్చేసరికి పొలం పోయింది, బ్యారన్లు పోయాయి, ఇంటిని బ్యాంకువాళ్ళు వేలం వేశారు. నాన్నగారికి ఏ పదవీ లేదు. కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చోవడం ఒక్కటే వారసత్వంగా వచ్చింది. అది నాకూ వచ్చింది.

ఈ వివరాలు ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను రాయబోతున్న మనిషి ఒకప్పుడు వీటిని తనవిగా చెప్పుకున్నారు.

ఆయన పోయారని మా సింగపూర్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో చూశాను. సైన్స్ పార్కు నుంచి జురాంగ్ వెస్ట్‌కు, ఇంటికి వస్తున్నాను. రైల్లో నిలబడే చదివాను. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు, ‘ఓం శాంతి’లు. ‘కార్డుల అంకుల్ లేని ఉగాది ఊహించలేం’ అని ఎవరో రాశారు. నేను ఏమీ రాయలేదు. ఆయన గురించి నేను రాయదలుచుకున్నది ఆ గ్రూపులో పట్టదు.

పేరు రాయను. ‘ఆయన’ అనే రాస్తాను. నచ్చనివాళ్ళను ‘వాడు’ అనే అలవాటు మా ఇంట్లో లేదు.

బ్యాంకులో పనిచేసి రిటైరైన మా ఊరి మనిషి. బుకిట్ పంజాంగ్‌లో ఎల్లార్టీ రైలు లైను పక్కనే ఆయన ఫ్లాటు. పాత బేస్‌బాల్ కార్డులు సేకరించడం, వేలాలకు పంపడం ఆయన వ్యాపకం. తెలుగువాడికి బేస్‌బాల్ ఏమిటని ఎవరైనా అడిగితే, ‘‘ఆట ఎవడు చూశాడండీ, అట్ట చూడాలి గానీ’’ అనేవారు. ఆ ఆట ఆయన జీవితంలో ఒక్కసారి కూడా పూర్తిగా చూసి ఉండరు. ఒకప్పుడు అమెరికాలో సిగరెట్టు పెట్టెలు నలగకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. దాని మీద ఆటగాడి బొమ్మ ఉండేది. అలాంటి అట్టముక్క నూరేళ్ళు బతికిందంటే దాన్ని ఒక కంపెనీకి పంపుతారు. అక్కడివాళ్ళు భూతద్దాల కింద చూసి, ఒకటి నుంచి పది దాకా ఒక అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి తిప్పి పంపుతారు. ఆ అంకెనే గ్రేడు అంటారు. వేలంలో ధర పలికేది బొమ్మకు కాదు, ఆ గ్రేడుకు.

ఆయన కార్డు చూసే తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ముందు కళ్ళజోడు తీసి నెత్తిన పెట్టుకునేవారు. కార్డును వేళ్ళతో పట్టుకోకుండా గోళ్ళ అంచుల మధ్య నిలబెట్టేవారు. ఊపిరి బిగబట్టేవారు. అట్ట మీద ఆవిరి పడకూడదట. చూడటం అయ్యేదాకా ఆ ఊపిరి వదిలేవారు కాదు. చుట్టూ ఉన్నవాళ్ళు తెలియకుండానే తమ ఊపిరి కూడా బిగబట్టేవారు. ఆఖరికి ఆయన ముక్కుతో గాలి వదిలి ఒక అంకె చెప్పేవారు. అది చెప్పాక ఇక మాట్లాడటానికి ఏమీ మిగిలేది కాదు.

‘‘మొహం చూడకండి, మూలలు చూడండి’’ అన్నది ఆయన మాట. నాలుగు మూలలూ పదునుగా ఉంటే మధ్యలో ఎవడి బొమ్మ ఉన్నా ఫరవాలేదనేవారు. మనుషుల్నీ అలాగే చూసేవారు. చొక్కా కాలరు కొసలు, చెప్పుల మడమలు, చేతిసంచి అంచులు చూసి అంకె వేసేవారు. లిటిల్ ఇండియాలో దోసె వస్తే, ‘‘అంచు విరిగింది, ఆరు’’. ఎవరి ఇంట్లోనో కొత్త అల్లుణ్ణి పరిచయం చేస్తే, ఆ అబ్బాయి అటు తిరగగానే, ‘‘ఏడున్నర. నవ్వితే ఏడు’’. జనం పడీపడీ నవ్వేవారు. ఆయన అంకె పడనివాళ్ళు ఆయన దగ్గరకు వచ్చి మరీ అడిగేవారు, అంకుల్ నాకెంత అని.

తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో బల్ల పట్టుకోవడానికి ఇక్కడ అందరూ టిష్యూ పొట్లం పెట్టి వెళతారు. చోప్ చేయడమంటే అదే. ఆయన మాత్రం సీలు వేసిన కార్డు ఒకటి పెట్టి వెళ్ళేవారు. గ్రేడు తక్కువ వచ్చిన కార్డే అనుకోండి, అయినా ఖరీదున్నదే. ఎవరైనా ఎత్తుకుపోతారేమో అంటే, ‘‘దొంగకి దీని విలువ తెలీదు. తెలిసినవాడు ఈ గ్రేడుది ముట్టుకోడు’’ అని వరసలో నిలబడేవారు. కార్డు ఎప్పుడూ పోలేదు. ఆ ధీమా నాకు ఒళ్ళు మండించేది. వస్తువు మీద ప్రేమ ఉన్నవాడు దాన్ని చారు మరకల బల్ల మీద వదిలిపోడు.

నన్ను ఆయన ‘‘జమీందారు గారూ’’ అని పిలిచేవారు. మేం ఎన్నడూ జమీందారులం కాము. శిస్తు వసూలు చేసి బతికిన వంశం కాదు మాది. చేలో దిగి పంట పండించినవాళ్ళం. ఆ తేడా ఆయనకు బాగా తెలుసు. తెలిసే అలా పిలిచేవారు.

ఒక ఉగాదికి కమ్యూనిటీ హాల్లో భోజనాల దగ్గర, నేను ఆకు ముందు కూర్చుంటున్నాను. పక్క వరసలో ఎవరో కుర్రవాళ్ళు ఆయన్ను ఆటపట్టిస్తున్నారు.

‘‘అంకుల్, మరి మన రావు గారికెంత?’’ అని నన్ను చూపించారు.

ఆయన కళ్ళజోడు నెత్తిన పెట్టుకున్నారు. నా వైపు చూసి ఊపిరి బిగబట్టారు. హాలు హాలంతా అటే చూసింది.

‘‘జమీందారు గారా? సరుకు పాతదే, దొరకనిదే. కానీ మూలలు అరిగిపోయాయి. మధ్యలో మడతొకటి. రెండు.’’

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వు బిగబట్టుకోవడం చూశాను. నాన్నగారు నా పక్కనే ఉన్నారు. విస్తట్లోకి చూస్తూ, ‘‘వాళ్ళ నాన్న కూడా ఇంతే’’ అన్నారు. ఆ మాట నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

వాళ్ళ నాన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. తెల్లదొరల పొగాకు కంపెనీ తరఫున మా ప్రాంతంలో ఆకుకు గ్రేడు వేసే ఆయన. ఆకు రెబ్బను రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి, వాసన చూసి, ఒక మాట అనేవారు. ఆ మాటతో ఏడాది కష్టానికి ధర కట్టేవారు. ఒక దసరాకు మా ఇంటికి భోజనానికి వచ్చి, తాతగారి వెండి వక్కపెట్టెను చేతిలోకి తీసుకుని, ‘‘ఎంత ముచ్చటగా ఉందండీ’’ అన్నారట. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గుమ్మం లోపల ఒక వస్తువును మెచ్చుకున్న అతిథి దాన్ని తీసుకునే వెళ్ళాలి. ముత్తాత పెట్టిన పద్ధతి. తాతగారు పెట్టెలో వక్కలు నింపి మరీ ఇచ్చారు. ఆ సీజనులోనే ఆ పెద్దమనిషి మా పంటంతటికీ తక్కువ గ్రేడు వేశారు. ఆ గ్రేడుకు అమ్మనని తాతగారు సరుకంతా వెనక్కి తెచ్చి బ్యారన్లలో పేర్పించారు. బతిమాలడం ఆయనకు రాదు. వానలకు అది కుళ్ళిపోయింది. మా పతనం ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే నేను ఆ బ్యారన్లనే చూపిస్తాను.

ఆ వెండి పెట్టెను నేను మొదటిసారి చూసింది బుకిట్ పంజాంగ్‌లో. ఆయన ఇంటికి ఏదో పని మీద వెళితే అందులో సోంపు పెట్టి ఇచ్చారు.

‘‘ఇది మీదేనండోయ్ జమీందారు గారూ. మా నాన్న మెచ్చుకున్నాడట, మీ తాతగారు చేతిలో పెట్టేశారట. ఏం మనుషులండీ మీరు’’ అని తొడ చరుచుకుని నవ్వారు.

నేను సోంపు తీసుకున్నాను. పెట్టె బాగుందని మాత్రం అనలేదు. ఆ ఇంట్లో ఆ పద్ధతి ఉండదని తెలుసు.

ఇక కార్డు సంగతి.

ముత్తాతగారి కాలంలో వర్జీనియా నుంచి ఒక పొగాకు నిపుణుడు వచ్చి మా ఇంట్లోనే బస చేశాడు. ఆకు ఎలా ఆరబెట్టాలో, బ్యారన్‌లో వేడి ఎప్పుడు పెంచాలో నేర్పి, వెళుతూ వెళుతూ ఒక రేకు డబ్బా ఇచ్చాడు. అందులో సిగరెట్టు పెట్టెల్లోని బేస్‌బాల్ బొమ్మలు ఉన్నాయి. మావాళ్ళకు వాళ్ళెవరో తెలియదు. కర్రలు పట్టుకుని ఉన్నారు కదా, దొరల పహరావాళ్ళు అనుకున్నారు. అయినా విలువైన వస్తువని ఇనప్పెట్టెలో దాచారు. ప్రతి దసరాకు త్రాసులు, తాళాలతో పాటు ఆ డబ్బాను కూడా పూజలో పెట్టేవారు. మా నాయనమ్మ ఒక దసరాకు అందులోని ప్రతి బొమ్మకూ పసుపు బొట్టు పెట్టింది. కుంకుమ రాలి బొమ్మలు పాడవుతాయని పసుపు ఒక్కటే. అదీ మొహాల మీద కాదు, ఎవరు కన్న బిడ్డలో అని, కుడివైపు పై మూలన. ఉంగరపు వేలితో ఒక పెద్ద చుక్క, దాని కింద చిటికెన వేలితో ఒక చిన్న చుక్క. మా ఇంట్లో తలుపులకైనా, బండి చక్రాలకైనా బొట్టు అంతే. పెద్దది ఇంటివాళ్ళకు, చిన్నది ఇంటికి వచ్చినవాళ్ళకు అని నాయనమ్మ చెప్పేది.

ఇల్లు పోయినప్పుడు నాన్నగారు ఆ డబ్బాను బట్టల మధ్య పెట్టుకుని సింగపూర్ తెచ్చుకున్నారు. ఇక్కడా దసరాకు దాన్ని బయటికి తీసి, మా ఫ్లాటులో ఉన్న ఒక్క బల్ల మీద పెట్టేవారు.

ఒక ఏడాది దసరాకు ఆయన మా ఇంటికి వచ్చారు. పిలిచింది నాన్నగారే. పండగ పూట ఊరివాణ్ణి పిలవకుండా ఎలా అన్నారు. ఆయన పులిహోర తిన్నారు, చక్రపొంగలి తిన్నారు, దేనికీ అంకె వేయలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, డబ్బా దగ్గర కూర్చుని కార్డులు ఒక్కొక్కటీ గోళ్ళతో ఎత్తారు. ఒక్కదాన్నీ ఏమీ అనలేదు. ఒకటి, ఎడమచేతి వాటం ఆటగాడు, వెనకాల ఎర్రటి ఆకాశం ఉన్నది, దాని దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టారు. చాలాసేపు బిగబట్టారు. తరవాత మామూలు గొంతుతో, ‘‘ఇది ఎంత బాగుందండీ బాబాయి గారూ’’ అన్నారు.

నేను వంటింటి గుమ్మంలో కాఫీ పట్టుకుని నిలబడ్డాను. నాన్నగారు నా వైపు చూడలేదు. లేచి లోపలికి వెళ్ళి, అమ్మ పట్టుచీర ముక్క ఒకటి తెచ్చి, కార్డును అందులో చుట్టి రెండు చేతులతో ఆయనకు ఇచ్చారు.

‘‘అయ్యయ్యో, ఎందుకండీ. బొట్టు మరక ఉంది కదా, ఒకటి గ్రేడు కూడా రాదు దీనికి. ఊరికే జ్ఞాపకంగా ఉంచుకుంటాను’’ అంటూనే ఆయన చొక్కా జేబు బొత్తాం పెట్టుకున్నారు.

మిగతా కార్డుల్లో దేన్నీ ఆయన మెచ్చుకోలేదు. అక్కర్లేనిది ఒక్కటి కూడా మోసుకుపోలేదు. దొంగతనం అనడానికి లేదు, మోసం అనడానికి లేదు. మా ఇంటి తాళంచెవి ఎక్కడుంటుందో వాళ్ళ నాన్న చెప్పి పోయారు, ఆయన తలుపు తీసుకుని వచ్చారు. ఆ పద్ధతి తప్పని నేను ఈ రోజుకీ అనను. తప్పు దాన్ని వాడుకున్నవాళ్ళది.

తరవాత ఒక మధ్యాహ్నం నేను బుకిట్ పంజాంగ్ వెళ్ళినప్పుడు వాళ్ళావిడ గుమ్మంలోనే గొణుగుతోంది.

‘‘చూడండి తమ్ముడూ, నన్ను మాగాయి ముక్కలు ఆరబెట్టుకోనివ్వరు. కారిడార్లో ఎండంతా ఆయన అట్టముక్కలకే. అదేం చోద్యమో, కార్డులకి వడియాల్లా ఎండ కావాలట.’’

కిటికీ ఊచలకు ఆనించి రెండు గాజుపలకలు ఉన్నాయి. మధ్యలో ఏముందో నాకు కనపడలేదు. ఇంటి నిండా కార్డులకు తేమ తగలకుండా రాత్రీపగలూ కరెంటుతో నడిచే బీరువాలు పెట్టుకున్న మనిషి ఒక కార్డును ఎండలో ఎందుకు పెడతాడని ఆ రోజు ఆలోచించలేదు.

ఆలోచించింది ఆయన వీడియో చూశాక. ఆ కార్డుకు ఎనిమిది వచ్చింది. అంత పాత కార్డుకు ఎనిమిది రావడం అరుదట. ఇక్కడి వేలం సంస్థ ఒకటి దాన్ని ప్రత్యేకంగా ప్రచారం చేస్తూ ఆయనతో చిన్న వీడియో తీసింది. వాట్సాప్ గ్రూపులో అందరూ దాన్ని పంచుకున్నారు. కార్డు కుడివైపు పై మూల తెల్లగా, శుభ్రంగా ఉంది. ఆయన కోటు వేసుకుని, ఇంగ్లీషులో, నెమ్మదిగా చెబుతున్నారు. తమ ముత్తాత గుంటూరులో వర్జీనియా పొగాకు వేసిన తొలితరం రైతట. కలెక్టరు ముందు కుర్చీలో కూర్చునే అర్హత ఉన్నవాడట. అమెరికా నిపుణుడు తమ ఇంట్లోనే బస చేశాడట. పాత వస్తువుకు వంశం కథ తోడైతే వేలంలో ధర పెరుగుతుంది. ఆయనకు వంశం లేదు, గ్రేడులు వేసిన నాన్న ఒక్కడే ఉన్నాడు. అందుకని మాది తీసుకున్నారు.

నాన్నగారు ఆ వీడియో రెండుసార్లు పెట్టించుకుని చూశారు. ఫోను నాకు తిరిగి ఇచ్చారు. అప్పటికే నాన్నగారి గుండె అంతంతమాత్రం.

‘‘అడుగుదామా నాన్నా?’’ అన్నాను.

‘‘ఇచ్చింది అడుగుతారా ఎవరైనా?’’ అన్నారు. మళ్ళీ తనే, ‘‘కార్డు ఇచ్చాను. తాతను ఇవ్వలేదురా’’ అన్నారు.

అప్పటి నుంచి నాకు వేరే పని లేదు. నాన్నగారు ఉండగా ముత్తాతను ఇంటికి తెచ్చుకోవాలి.

మా ఫ్లాటులో ఒక గది అద్దెకు తీసుకుని వరంగల్ అమ్మాయి ఒకామె ఉండేది. యూనివర్సిటీలో రంగుల మీద పరిశోధన చేస్తుంది. ఆమెను అడిగాను, పసుపు మరక అట్ట మీద నుంచి ఎలా పోతుందమ్మా అని.

‘‘ఎండల పెడితె పోతది అంకుల్. కని మొత్తం ఏడ పోతది? లోపల జరంత ఉంటనే ఉంటది. నోట్లు చూసే ఊదా లైటు ఉంటది సూడు, గది కొట్టుర్రి. మెరుస్తది.’’

డబ్బాలోంచి ఒక కార్డు తీసి, గాజుపలకల మధ్య పెట్టి, మా కారిడార్లో ఎండకు ఉంచాను. నాయనమ్మ బొట్టు నా కళ్ళ ముందే రోజురోజుకూ పాలిపోయి మాయమైంది. ఆ ఒక్క కార్డును నేను చేతులారా పోగొట్టుకున్నాను. బాధ పడలేదు. దీపాలు ఆర్పి, మనీ ఛేంజర్లు నోట్ల మీద వేసే ఊదారంగు టార్చి వేసి చూశాను. పెద్ద చుక్క, దాని కింద చిన్న చుక్క, లేత ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో వెలిగాయి. నాయనమ్మ పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆమె వేలిముద్ర చూసినట్టనిపించింది.

గ్రేడు వేసే కంపెనీవాళ్ళు కూడా ఇలాంటి దీపాలు వాడతారట. అంచులు కత్తిరించారా, రంగు పూశారా, మందు తగిలిందా అని వెతుకుతారు. మెరుపు కనపడినా పాత అట్ట గుణమని వదిలేసి ఉంటారు. ఒక కార్డుకు పసుపు పెట్టి దణ్ణం పెట్టిన ఇల్లు ఉంటుందని వాళ్ళ ఊహకు రాలేదు.

వేలానికి ముందు కొనేవాళ్ళు వస్తువులు చూసుకోవడానికి ఒక హోటల్ హాల్లో ప్రదర్శన పెట్టారు. నాన్నగారిని తీసుకుని వెళ్ళాను. నాన్నగారు తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్నారు. అందరూ బల్లల చుట్టూ నిలబడి ఉన్నారు. వేలం సంస్థ తరఫున ఉన్న చైనీస్ అమ్మాయి పెద్దాయన్ను చూసి పరిగెత్తి ఒక కుర్చీ తెచ్చి వేసింది. నాన్నగారు కూర్చున్నారు, వీపు ఆనించకుండా.

ఆయన కోటులో ఉన్నారు. చుట్టూ పదిమంది. మమ్మల్ని చూడగానే గొంతు పెంచారు.

‘‘రండి జమీందారు గారూ. బాబాయి గారు కూడా వచ్చారే. ఏంటి, పాట పాడతారా?’’

‘‘చూడటానికే వచ్చాం’’ అన్నాను.

కార్డును చూపించమని ఆ అమ్మాయిని అడిగాను. సీలు డబ్బాతో సహా తెచ్చి నల్ల మఖమలు మీద పెట్టింది. బల్ల మీది దీపం ఒక్కసారి ఆర్పుతారా అన్నాను. ఆర్పింది. నేను జేబులోంచి టార్చి తీశాను.

కుడివైపు పై మూలన రెండు చుక్కలు వెలిగాయి. పైన పెద్దది, కింద చిన్నది.

‘‘అయ్యో, వాట్ ఈజ్ దట్ ఆ?’’ అంది ఆ అమ్మాయి.

నేను రేకు డబ్బా మూత తీసి మా కార్డులు దాని పక్కన వరసగా పేర్చాను. వాటి మీద బొట్లు దీపం లేకుండానే కనపడుతున్నాయి. అదే మూల, అదే పెద్ద చుక్క, అదే చిన్న చుక్క. టార్చి వాటి మీదా తిప్పాను. బల్ల మీద ఒకే చేయి పెట్టిన బొట్లు బారుగా వెలిగాయి. వెనకాల ఎవరో ఫోనుతో ఫోటో తీశారు.

ఆయన కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఉన్నారు. ఊపిరి బిగబట్టారు. అలవాటు ప్రకారం ఆఖరున ముక్కుతో వదిలే గాలి కోసం నేను ఎదురుచూశాను. ఈసారి ఆయన ఎంతకీ వదల్లేదు. నేను ఆ మొహం చూడలేదు. కాలరు కొసలు చూశాను, కోటు చేతుల అంచులు చూశాను.

‘‘అంకుల్, సారీ లా. దిస్ వన్ మస్ట్ పుల్ అవుట్. స్టెయిన్ తీసేసి చెప్పకపోతే నో గ్రేడ్ వన్’’ అని ఆ అమ్మాయి ఆయనకు చెప్పింది. ఆమె మాటల్లో కొంత నేను తెలుగులో రాస్తున్నాను. భావం అదే. దీన్ని వేలంలోంచి తీసేయాలి. మరక పోగొట్టిన సంగతి దాచిపెడితే ఆ కార్డుకు అంకె ఉండదు. అసలైనదే గానీ మార్పు చేసినదని మాత్రం లేబుల్ మీద వేస్తారు.

తరవాత ఆమె నాన్నగారి వైపు తిరిగి, ఈ గుర్తు ఏ ఇంటిదని అడిగింది.

నాన్నగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

‘‘చింతగుంట్ల వీరరాఘవయ్య గారిది. మా తాతగారు’’ అన్నారు. తెలుగులోనే అన్నారు. ఆమె స్పెల్లింగు అడిగి, నేను చెబుతుంటే ఒక్కో అక్షరం రాసుకుంది.

ఆ తరవాత ఆయన వ్యాపారం ఏమైందో నేను అడిగి తెలుసుకున్నాను. అడగకుండా ఉండలేకపోయాను. ఆయన ఏ కార్డు తెచ్చినా కొనేవాళ్ళు జేబులోంచి టార్చి తీసేవారట. నిజంగా మచ్చలేని కార్డులు కూడా ఆయన చేతిలో ఉన్నాయి, వాటినీ అలాగే చూసేవారట. ఉగాది భోజనాల దగ్గర ఆయన అంకెలు వేయడం మానేశారు. ఒకసారి ఎవరో మరిచిపోయి, ‘‘అంకుల్, ఈ బొబ్బట్టుకెంత?’’ అని అడిగితే, ‘‘తిను నాయనా’’ అన్నారు. ఆ రోజు నేను రెండు బొబ్బట్లు ఎక్కువ తిన్నాను.

నాన్నగారు ఆ తరవాత ఎక్కువ కాలం లేరు. మందాయ్ శ్మశానంలో దహనం జరిగినప్పుడు ఆయనా వచ్చారు. వెనక వరసలో నిలబడ్డారు. అంతా అయ్యాక బస్సు దగ్గర నా పక్కకు వచ్చి, కళ్ళజోడు తుడుచుకుంటూ, ‘‘అప్పుడు మిమ్మల్ని రెండన్నాను. రెండున్నర అనాల్సింది’’ అన్నారు.

అది క్షమాపణో, ఎగతాళో నాకు తెలియదు. ఆయనకూ తెలిసి ఉండదు. నేను బస్సెక్కాను. ఎక్కేటప్పుడు ఆయన నా చొక్కా కాలరు వైపు చూడటం, వెంటనే చూపు తిప్పుకోవడం గమనించాను. శ్మశానం దగ్గర కూడా ఆ కళ్ళు మూలలే వెతికాయి. అంత పట్టుదలగా మరొక మనిషి ప్రపంచాన్ని చూడగా నేను చూడలేదు. దాన్ని మెచ్చుకోవడం నా వల్ల కాదు. మా ఇంట్లో మెచ్చుకోవడానికి ఒక ఖరీదు ఉంది.

ఆయన పోయిన వారానికి వాళ్ళ అమ్మాయి ఫోను చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం సగం.

‘‘అంకుల్, డాడీది కార్డు ఉంది కదా, ద వన్ విత్ ద పసుపు. డాడీ సెడ్ గివ్ బ్యాక్ టు యూ. ఒక సిల్వర్ బాక్స్ కూడా. ఐ బ్రింగ్ టు యువర్ ప్లేస్ కెన్?’’

‘‘వద్దమ్మా’’ అన్నాను.

‘‘వై లా అంకుల్? మీదే కదా.’’

‘‘మాది కాదు. ఇచ్చేశాం. ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు.’’

లైనులో ఎల్లార్టీ పోతున్న చప్పుడు వినపడింది. ఆ ఫ్లాటులోంచే మాట్లాడుతోందని తెలిసింది.

‘‘అంకుల్, యూ స్టిల్ యాంగ్రీ ఆ?’’

‘‘అవునమ్మా’’ అన్నాను. అబద్ధం చెప్పడానికి కారణం కనపడలేదు.

‘‘దెన్ ఐ డు వాట్ విత్ ఇట్?’’

‘‘బాక్స్ ఉంచుకో. మీ తాతకు మా తాత ఇచ్చింది. కార్డు అమ్మేయ్.’’

ఆ వేలం సంస్థ ద్వారానే అమ్మింది. అమ్మే ముందు కార్డును కొత్త డబ్బాలో సీలు చేయించారు. కంప్యూటర్లో ఆ లేబుల్ ఫోటో చూశాను. పెద్దది చేసి చూశాను. గ్రేడు ఉండవలసిన చోట అంకె లేదు. రెండు కూడా లేదు. కింది వరసలో చింతగుంట్ల వీరరాఘవయ్య సేకరణ అని ఇంగ్లీషులో ఉంది, స్పెల్లింగు సరిగ్గానే ఉంది.

కార్డు పోయిన శనివారం అమ్ముడుపోయింది.